బై బాబాయి

మా బాబాయితో ఎవరైనా పొరపాటున "బై" అన్నారంటే, ఇక ఆ పూటకు వాళ్లు బయల్దేరనట్టే. బస్‌స్టాండు ఎదుట ఆయనది టైలరు షాపు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ మాట చెవిన పడగానే సూదులు తీసి పక్కన పెట్టి, స్టూలు ముందుకు జరుపుతాడు.

"కూర్చోండి. అసలది 'దేవుడు మీకు తోడుండుగాక' అనే దీవెన. ఇంగ్లీషువాళ్లు నమిలి నమిలి 'గుడ్‌బై' చేశారు. దేవుడుండే చోట 'గుడ్' వచ్చి కూర్చుంది. మీరు దాన్నీ వదిలేసి తోక పట్టుకుని పోతున్నారు."

చిన్నప్పుడు ఊరి బళ్లో మాస్టారు ఆయనకు చెప్పిన ముక్క అది. ఫోను పెట్టేసేవాళ్ల బై, పోట్లాడి పోయేవాళ్ల బై, పసిపిల్లలు చేతులూపే బై, అన్నీ విడమరిచేవాడు. వినీ వినీ జనం తెలివిమీరారు. కుట్టిన బట్టలు చంకన పెట్టుకుని, నోరు మెదపకుండా వెనక్కి నడుస్తూ జారుకునేవారు. పక్కింటి డాక్టరుగారు ఓసారి ఉపాయంగా "టాటా" అన్నారు.

"దాని పుట్టుక నాకింకా తెలియదు. కూర్చోండి, ఇద్దరం ఆలోచిద్దాం" అన్నాడు బాబాయి. ఆ సాయంత్రం రోగులు షాపుకే వచ్చి చెయ్యి చూపించుకున్నారు.

ఒకరోజు నేను షాపులో ఉండగా మా వదిన పెట్టెతో వచ్చింది. అన్నయ్యతో మాటా మాటా పెరిగిందట, ఇక ఆ గడప తొక్కదట. ఎదురుగా పుట్టింటి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. చెప్పకుండా పోతే బాగుండదని గుమ్మంలోంచే, "బై మామయ్యా" అంది. ఎప్పుడూ "వెళ్లొస్తాను" అనే మనిషి.

బాబాయి స్టూలు జరిపాడు. ఇప్పుడా ఈ పురాణం అని నాకు ఒళ్లు మండింది. ఆయన నా చేతికి కత్తెర ఇచ్చి, అన్నయ్య ఆఫీసు పక్క కొట్లో సాన పట్టించుకు రమ్మన్నాడు. పొద్దున్నే సాన పట్టిన కత్తెర అది.

వీధి మలుపు తిరిగాక గాని నాకు వెలగలేదు. అక్కణ్ణుంచి పరుగే.

అన్నయ్యను వెంటబెట్టుకొచ్చేసరికి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. బాబాయి ఇంకా దేవుడి దగ్గరే ఉన్నాడు. వదిన కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది. ఆ దీవెనలోని దేవుడు ఆ పూట షాపులోనే కూర్చున్నాడు కాబోలు.

"తప్పు నాదే. ఇంటికెళ్దాం పద" అన్నాడు అన్నయ్య, పెట్టె అందుకుంటూ.

గుమ్మం దిగుతూ వదిన వెనక్కి తిరిగి, "వెళ్లొస్తాను మామయ్యా" అంది.

"మంచిదమ్మా" అన్నాడు. ఒక్క ముక్క వివరణ లేదు.

బస్సు తప్పించడానికే కదా అని నిలదీశాను. సూదులు నోట్లో పెట్టేసుకున్నాడు. ఇక లాభం లేదని, "బై బాబాయ్" అన్నాను.

స్టూలు మాత్రం నేనే జరుపుకున్నాను.