పాప చొక్కాకు అందని గుండీ

తన పాలు చాలక పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, బట్టలు కుట్టే ఆ తల్లి మూడో వారంలోనే డబ్బాపాలకు మారింది. అప్పటినుంచి భర్త మేనత్త విచారణ సంఘంలా రోజూ హాజరవుతోంది.

“డబ్బాపాలతో బిడ్డ ఏం ఒళ్ళు చేస్తుందే? పుల్లలా అయిపోతుంది, చూస్తుండు!”

తల్లి నవ్వేసేది కానీ, లోపల బెంగ మాత్రం వదల్లేదు.

మూడో నెలలో ఒకరోజు, ఆరు నెలలకని వదులుగా కుట్టిన చొక్కాను పెద్దావిడే పాపకు తొడిగింది. ఎంత లాగినా పొట్ట దగ్గర గుండీ అందలేదు. పాప తేన్చింది.

“కొలత తప్పావే, టైలరమ్మా!”

“నా టేపు తప్పదు పెద్దత్తయ్యా. మీరన్న పుల్లకే పొట్టొచ్చింది.”

విచారణ సంఘం గుండీ వదిలేసి, చొక్కా విప్పి తల్లి చేతికిచ్చింది. తల్లి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కుట్టు విప్పడానికి కూర్చుంది.

“లోపల మడతలో గుడ్డ ఉంటే ఇంకాస్త వదులు చెయ్యి,” అంటూ పెద్దావిడ పాలసీసా అందుకుంది.