ఆరు మేకులు, ఒక దూడ

కొండలెక్కే సరదా పట్టుకున్నాక, ఆరు టైటానియం టెంటు మేకులు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. పటమటలో మా వంటింటి త్రాసు మీద పెడితే ఆరూ కలిపి ఒక కోడిగుడ్డంత కూడా తూగలేదు. ఆ డబ్బుకి అల్యూమినియంవి మూడు సెట్లు వచ్చేవి. అయినా వీపున మోసేది నేనేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం వాటిని పరీక్షించడానికి పామర్రు దగ్గర మా బాబాయి పొలానికి పట్టుకెళ్లాను. తడిసిన నల్లరేగడిలో ఇలా నొక్కితే అలా దిగిపోయాయి. మురిసిపోయాను. బాబాయి దూడని తోలుకొచ్చి దాని పలుపు ఒక మేకుకి కట్టాడు. దూడ ఒకసారి మెడ విదిల్చి, మేకుతో సహా గడ్డివాము దగ్గరికి నడిచిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "దూడంటే గడ్డి కోసం లాగింది. టెంటుకి ఆకలేస్తుందా బాబాయ్?"

"గాలికేస్తుందమ్మా," అన్నాడు ఆయన, అప్పటికే కత్తితో వెదురు చెక్కుతూ.

ఇప్పుడు నా సంచిలో నాలుగు టైటానియం మేకులు, గాలి వీచే వైపు దిగేయడానికి బాబాయి చెక్కిన రెండు వెదురు మేకులు ఉంటాయి. ఆ రెండింటినీ మాత్రం నేనెప్పుడూ తూచలేదు.