బిగించని నట్టు

శనివారం సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి వీరవేణి ఫోన్ టింగుమంది. ఊరి వాట్సాప్ గ్రూపులో హైమవతి ఒక ఫొటో పెట్టింది. పాతకాలం డాబా, దాని మీద చేపముల్లులా నిలబడిన టీవీ యాంటెనా. కింద నాలుగు ముక్కలు రాసింది. "ఆ రోజులే వేరు! ఊరంతటికీ ఒకటే టీవీ. మా హాల్లో చాపలేసుకుని అందరం కలిసి ఒక్క కుటుంబంలా చూసేవాళ్ళం. ఇప్పుడు ఇంటికి మూడు టీవీలు, చేతికో ఫోను. ఆ ఆనందం ఏదీ?" అప్పటికే దాని కింద బోలెడు దండాలు, గుండె బొమ్మలు పడి ఉన్నాయి.

"అందరం కలిసి" అన్న చోట వీరవేణి చూపు ఆగిపోయింది. పళ్ళు పటపటా కొరికింది.

"ఏంటే, మళ్ళీ ఆవిడేనా?" అన్నాడు మొగుడు సుధాకర్, రిమోట్ల డబ్బా సర్దుతూ. పెళ్ళాం పళ్ళు ఎవరి మీద కొరుకుతుందో అతనికి పాతికేళ్ళుగా తెలుసు.

రామచంద్రపురం దగ్గర ఆ ఊళ్ళో, చుట్టుపక్కల మరో నాలుగు ఊళ్ళలో ఎవరి టీవీలో బొమ్మ పోయినా ముందు తలుచుకునేది వీరవేణినే. కేబులు రోజుల్లో సుధాకర్ స్తంభం మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాక నిచ్చెన ఆమె అందుకుంది. చీర మీద మగాళ్ళ చొక్కా తొడుక్కుని, నడుముకి స్పానర్ల సంచి కట్టుకుని మేడలెక్కుతుంటే మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు "వీరవేణి గారండీ, కాస్త మా ఇంటికీ రండి" అని బతిమాలుకుంటారు. నలభై ఆరేళ్ళు వచ్చినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది. మేడలెక్కడం మాత్రం ఆమెకి సుధాకర్ నేర్పింది కాదు. తొమ్మిదో ఏటే నేర్పారు, ఆ హైమవతి ఇంట్లో.

ఎనభై ఏడులో ఆ ఊరి మొదటి టీవీ హైమవతి తండ్రి సూర్యప్రకాశం గారి హాల్లో దిగింది. పెద్ద కమతం, పెద్ద మేడ, మేడకి తగ్గ గొంతు ఆయనది. వీరవేణి తల్లి సంపూర్ణమ్మ ఆ ఇంట్లో అంట్లు తోమేది. ఆదివారం పొద్దున్న పురాణం సీరియల్ వచ్చే వేళకి ఊళ్ళో సగం మంది స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, గుడికి వచ్చినట్టు ఆ హాలుకి వచ్చేవాళ్ళు. మాటలు హిందీ. ఒక్కరికీ ముక్క అర్థం కాదు. "ఇప్పుడేమంటున్నాడంటే..." అంటూ సూర్యప్రకాశం గారు తనకి తోచింది తెలుగులో చెప్పేవారు. జనం అదే నిజమనుకునేవారు.

చిక్కల్లా యాంటెనాతో వచ్చింది. మేడ మీద పొడుగాటి పైపుకి కట్టిన ఆ యాంటెనా గాలి వీచినప్పుడల్లా తిరిగిపోయేది. తిరిగిందంటే దేవుళ్ళూ రాక్షసులూ కలిసిపోయి తెర నిండా చుక్కలే. అప్పుడు ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని రాజమండ్రి వైపు తిప్పి, సీరియల్ అయ్యేదాకా కదలకుండా పట్టుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కరు కదా. అంట్లు తోమే మనిషి కూతురు ఉండనే ఉంది.

"ఎల్లవే అమ్మా, పెద్దోళ్ళు సెప్పినప్పుడు కాదనకూడదు" అని సంపూర్ణమ్మ కూతుర్ని మెట్ల వైపు తోసేది.

అలా ఒక ఏడాది మీద ఆరు నెలలు. ఎండకి పైపు కాలేది. వానకి జారేది. కిందనుంచి హైమవతి గొంతు కిటికీలోంచి వచ్చేది. "వచ్చింది! అలాగే పట్టుకో! కదిపావంటే చంపేస్తా!" హైమవతిదీ తన వయసే. ఆ పిల్ల తండ్రి కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని జంతికలు నములుతూ అరిచేది. వీరవేణికి శంఖాలు, డప్పులు, సూర్యప్రకాశం గారి "ఇప్పుడేమంటున్నాడంటే" వినిపించేవి. ఏ మాట ఎవరిదో, ఎవరి ముఖం ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోవాల్సిందే. మధ్యలో ఒక్క మాట కూడా ఎదురు అడగకూడదు. అడిగితే చెయ్యి కదులుతుందని వాళ్ళ భయం.

రాక్షసరాజు చచ్చే ఆదివారం రానే వచ్చింది. వీరవేణి వారం ముందునుంచీ పోరితే సూర్యప్రకాశం గారు సరేనన్నారు. "ఆఖరి యుద్ధం నువ్వూ చూద్దువుగానిలే" అని మాట ఇచ్చారు. వీరవేణి తలంటు పోసుకుని, ఉన్న ఒక్క పట్టు పరికిణీ కట్టుకుని, చాప మీద ముందు వరసలో కూర్చుంది. రథాలు ఎదురుపడ్డాయి. రాక్షసరాజు ముఖం మొదటిసారి చూసింది. ఎంత పెద్ద మీసాలో! అంతలో గాలి లేచింది. తెర నిండా చుక్కలు. హాలంతా "అయ్యయ్యో" అంది. సూర్యప్రకాశం గారు ఆమె వైపు చూడనైనా చూడలేదు, తెర వైపు చూస్తూనే చెయ్యి ఊపారు. హైమవతి స్టూలు దిగి వచ్చి జబ్బ పట్టుకుని లేపింది. "ఎక్కవే, బొమ్మ పోయింది!"

ఎక్కింది. పట్టుకుంది. ఆ రోజు ఆయన యుద్ధంలో పడిపోయి తెలుగు చెప్పడం కూడా మానేశారు. ఒకటే డప్పులు, తర్వాత ఊరంతా పెట్టిన ఈలలు. ఆమె కిందికి పరిగెత్తుకొచ్చేసరికి జనం చాపలు దులుపుతున్నారు. రాక్షసుడు చస్తాడని పసిపిల్లలకి కూడా తెలుసు. ఎలా చచ్చాడన్నదే కావాలి.

"ఎలా చచ్చాడండీ, అమ్మాయిగారూ?" అని అడిగింది.

హైమవతి జంతిక ముక్క కొరికి, "టీవీ మాది. నీకెందుకు చెప్పాలి?" అంది.

ఇప్పటి పిల్లలకి చెబితే ఇందులో ఏడవడానికి ఏముందంటారు. ఇప్పుడు ఏదైనా తప్పిపోతే రాత్రికి మళ్ళీ వేస్తారు, రేపు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు, అదీ కాకపోతే ఫోనులో పడి ఉంటుంది. ఆ రోజుల్లో తప్పిపోయిందంటే పోయిందే. ఇక జన్మలో కనపడదు. వీరవేణి మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

అంతటితో అయితే మరిచిపోయేదేమో. పెళ్ళి చూపుల్లో సుధాకర్ కేబుల్ పని చేస్తాడని వినగానే ఇంకేం అడక్కుండా ఒప్పుకుంది. కాపురానికి వెళ్ళిన నెలకి అతను ఒక పాత యాంటెనా విప్పుతూ చూపించాడు. "ఇదిగో, ఈ కింది నట్టు బిగించావనుకో, తుఫానొచ్చినా పైపు తిరగదు."

"బిగించడానికి ఎంతసేపు పడుతుందండి?"

"ఎంతసేపేంటి, రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు! ఒక్క నట్టు! ఏడాదిన్నర పాటు ఎండలో, వానలో ఒక పిల్లని నిలబెట్టారు గానీ ఆ నట్టు బిగిద్దామని ఆ మేడలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పిల్ల ఉందిగా. ఆ రోజు వీరవేణి కడుపు మండిపోయింది. ఆ మంట మళ్ళీ ఆరలేదు.

కేబుల్ రోజుల్లో చేతనైనంత చేసింది, అబద్ధమెందుకు. ఊరంతటికీ అద్దంలాంటి బొమ్మ ఇచ్చి ఆ మేడకి మాత్రం చుక్కల బొమ్మ ఇచ్చింది. సీరియల్లో దొంగ దొరికిపోయే నిమిషానికి సరిగ్గా ఆ ఇంటి వైరు ఊడేది. సూర్యప్రకాశం గారు ఫోన్ చేసి "వీరవేణి గారూ" అన్న రోజు ఆమె స్వీట్లు పంచినంత పని చేసింది. కానీ ఆయన పోయారు. కేబుల్ కూడా పోయింది. మేడ హైమవతికి వచ్చింది. రామచంద్రపురంలో టీచరుద్యోగం చేసుకుంటూ ఆ మేడలోనే ఉంటోంది. ఇంట్లో నెట్ ఉంది, గోడంత టీవీ ఉంది, మేడ మీద డిష్ కూడా ఉంది. పీకుదామంటే వైరు ఏదీ?

ఆ ఆఖరి యుద్ధం వీరవేణి ఫోనులోనూ ఉంది. పదేళ్ళుగా ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు. చూస్తే ఆ హాల్లోనే చూడాలి, తను చూస్తున్నంతసేపూ హైమవతి మేడ మీద నిలబడి ఉండాలి. ఇదీ ఆమె మొక్కు.

ఆ శనివారం రాత్రి ఆషాఢం గాలి రేగింది. ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"వీరవేణీ, కొబ్బరిమట్ట పడి మా డిష్ తిరిగిపోయిందే. అసలు సిగ్నలే లేదు. ఒక్కసారి రావా?"

"ఆయ్, ఇప్పుడే వచ్చేత్తన్నానండి" అంది వీరవేణి. గొంతులో తేనె కారింది.

డిష్ సరిచేయడానికి, సిగ్నల్ ఎంత వస్తోందో చూపించే చేతి మీటరు ఒకటుంటుంది. అది పెట్టుకుంటే ఒక్క మనిషే పైన నిలబడి పని చేసేసుకోవచ్చు. వీరవేణి ఆ మీటరుని బండి డిక్కీలో వదిలేసి తాళం వేసి మరీ మేడెక్కింది. నట్లన్నీ వదులు చేసింది.

"మా కుర్రాడు ఇయ్యాల రాలేదండి. మీరు కాస్త పట్టుకోవాలి. నేను కింద టీవీలో చూసి చెబుతాను. నేను చెప్పేదాకా కదపకండేం?"

"ఓసి, దానికేముంది!" అని హైమవతి డిష్ పట్టుకుంది.

వీరవేణి కిందికి దిగేసరికే బొమ్మ వచ్చేసింది. అనుభవం ఉన్న చెయ్యి కదా, ముందే ఓ లెక్కన తిప్పి వచ్చింది. అయినా కిటికీ దగ్గరికి వెళ్ళి, "రాలేదండీ! కొంచెం రాజమండ్రి వైపు!" అని అరిచింది.

"ఇలాగా?"

"ఇంకొంచెం! ఆఁ, అలాగే! కదపకండి!"

అప్పుడు వెళ్ళి సూర్యప్రకాశం గారి వాలుకుర్చీలో కూర్చుంది. రిమోట్ తీసుకుని టీవీని నెట్ మీదికి మార్చి, సీరియల్ పేరు చెప్పింది. ఆఖరి యుద్ధం. నొక్కింది.

రథాలు ఎదురుపడ్డాయి. అవే మీసాలు. చుక్కలు పడలేదు. ఎవరూ జబ్బ పట్టుకుని లేపలేదు. బాణాలు మాత్రం ఆకాశంలో కాకరపువ్వొత్తుల్లా ఒకదానికొకటి ఎదురొచ్చి, ఎంతకీ కొట్టుకోకుండా చూసుకుంటూ నిలబడ్డాయి. ఇప్పటి పిల్లలైతే పగలబడి నవ్వుతారు. వీరవేణి నవ్వలేదు. ఐదు నిమిషాలకోసారి లేచి "రాలేదండీ! కదపకండీ!" అని అరిచి వచ్చి కూర్చుంది. మొదటి రెండుసార్లు పైనుంచి జవాబు వచ్చింది. తర్వాత రాలేదు. మాట్లాడితే చెయ్యి కదులుతుందని భయపడుతోంది కాబోలు అనుకుంది. ఎండ అప్పటికి బాగా ఎక్కింది. కాలుతున్న డిష్, కాలుతున్న హైమవతి చేతులు తలుచుకుంటే ఆమెకి ఒళ్ళంతా చల్లబడింది.

రాక్షసరాజు చచ్చాడు. రొమ్ములో బాణం దిగి, చేతులు చాపి, చాలా నెమ్మదిగా వెనక్కి పడ్డాడు. వీరవేణి కళ్ళు తుడుచుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడితే ఎలా చచ్చాడో ఇప్పుడు చెప్పగలదు.

టీవీ కట్టేసి, తీరిగ్గా మేడెక్కింది. చెమటలు కక్కుతున్న హైమవతిని కళ్ళారా చూడాలి.

హైమవతి డిష్ దగ్గర లేదు. డిష్ కింద రెండు ఇటుకలు దోపి, అది తిరక్కుండా కొబ్బరితాడుతో పిట్టగోడకి కట్టేసి ఉంది. ఆవిడ నీళ్ళ ట్యాంకు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో ఫోను. ఏదో చూసి కిసుక్కున నవ్వుతోంది.

వీరవేణిని చూసి ఇయర్‌ఫోను తీసింది. "వచ్చిందా? నువ్వు పిలుస్తావు కదా అని నేనీలోపు రెండు ఎపిసోడ్లు లాగించేశా."

వీరవేణి కొబ్బరితాడు ముడి లాగి చూసింది. గట్టిగానే ఉంది.

"నిన్న గ్రూపులో పెట్టింది చూశావా? నిజం చెబుతున్నానే, నిన్ను తలుచుకునే పెట్టాను. నీకు మేడెక్కి తిప్పడమంటే ఎంతిష్టమో! నాకు ఒకటే కుళ్ళుగా ఉండేది, నన్నెక్కనిచ్చేవాళ్ళు కాదని."

"ఇష్టం కాదండి" అంది వీరవేణి. ముప్పై ఏడేళ్ళుగా దాచిన మాట. "ఆఖరి యుద్ధం రోజు నన్ను చాప మీంచి మీరే లేపారు. నేనేం చూళ్ళేదు. మీ నాన్నగారు ఆ నట్టు బిగించి ఉంటే నేనూ చూసేదాన్ని."

హైమవతి నిజంగానే ఆలోచించింది. ముఖంలో కల్మషం లేదు. గుర్తూ లేదు.

"ఏ నట్టే?" అంది.

తర్వాత లేచి చీర దులుపుకుని, "ఎండలో మాడిపోతున్నావు, టీ పెడతాను, తాగి వెళ్ళు" అంటూ ఫోను చూసుకుంటూనే మెట్లు దిగిపోయింది.

వీరవేణి డిష్ దగ్గరికి వెళ్ళింది. తాడు విప్పింది. ఇటుకలు తీసి దూరంగా విసిరేసింది. స్పానర్ తీసి, డిష్ వెనక నట్లు ఒక్కొక్కటీ బిగించింది. కింద పైపుని పట్టుకునే నట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాన్ని వేళ్ళతో ఒక్క చుట్టు తిప్పి వదిలేసింది.

ఈ గాలికి అది వారం ఆగదు. డిష్ తిరుగుతుంది. హైమవతి ఫోన్ చేస్తుంది. కుర్రాడు అప్పుడూ రాడు. కాకపోతే ఈసారి మెట్లెక్కే ముందే, "సిగ్నల్ చూసుకోవాలి, మీ ఫోన్ ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపాలి.

స్పానర్ సంచిలో వేసుకుని, వీరవేణి టీ తాగడానికి కిందికి దిగింది.