ఏ పూట మానేస్తన్నావు?

మా పెద్ద సిస్టరమ్మ పోయారు. సోమవారం ఉదయం రాయగడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. బీపీ ఎక్కువై తలలో నరం తెగిందట, ఆస్పత్రికి చేరేలోగానే అయిపోయిందట. కోరాపుట్‌లో మా మానసిక వైద్య క్లినిక్‌కి వచ్చిన ప్రతి నర్సుకీ పని నేర్పింది ఆవిడే. నాకూ ఆవిడే.

శిక్షణ మొదటిరోజు రోగి కుర్చీలో తనే కూర్చుని, "నాను రోగిని. అడుగమ్మీ" అన్నారు. "మందులు వేసుకుంటున్నారా?" అన్నాను. "ఆఁ, ఏసుకుంతన్నాను" అన్నారు. అదే రాసుకున్నాను. ఆవిడ కొంగుముడి విప్పి, ముందే దాచిన మాత్రలన్నీ నా కాగితం మీద పోశారు.

"అబద్ధం నాది కాదమ్మీ, నీ ప్రశ్నది. ఏసుకున్నావా అంటే ఎవులైనా ఆఁ అనే అంతారు. ఏ పూట మానేస్తన్నావని అడుగు. అప్పుడు సెప్తారు."

నేర్చేసుకున్నాననుకున్నాను. లక్ష్మీపూర్ కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి మాత్రలు మానేశాడని వాళ్లమ్మ ఏడిస్తే, "అన్నంలో మందు పెట్టేయండి" అని సలహా పారేశాను. మందు పెట్టడమంటే మా వైపు చేతబడి అని తెలిసీ నోరు జారాను. అన్నంలో మాత్రముక్క కనబడింది. కన్నతల్లే తనకి మందు పెట్టిందని అతను ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడం మానేశాడు.

సిస్టరమ్మ నన్ను తిట్టలేదు. బస్సెక్కించి వెంట తీసుకెళ్లారు. ఆ కొట్టు అరుగు మీద కూర్చుని, "తప్పు మాది నాయనా, మీయమ్మది కాదు" అన్నారు. తర్వాత మెల్లగా, "ఏ పూట మానేస్తన్నావు?" అన్నారు.

"సంతరోజు పొద్దున్న. కునుకొచ్చేస్తంది, తూకం తప్పుతన్నాను" అన్నాడతను.

ఆ ఒక్క మాట అడగకుండా ఆర్నెల్లపాటు అతన్ని మొండివాడన్నాం. డాక్టరుగారు మాత్రని రాత్రిపూటకి మార్చారు. అప్పటి నుంచి అతను నెలనెలా ఖాళీ మాత్రల షీటు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, పరీక్ష పాసైన పిల్లాడిలా నిలబడేవాడు.

పోయిన నెల ఒకరోజు ఆవిడ తల పట్టుకుని కూర్చున్నారు. "సిస్టరమ్మా, బీపీ మాత్ర ఏసుకున్నారా?" అన్నాను. "ఆఁ, ఏసుకున్నానమ్మీ" అన్నారు. నేను తర్వాతి రోగిని పిలిచాను.

ఊరందరినీ అడగమని ఆవిడ నేర్పిన ప్రశ్న ఆవిడనే అడగలేదు. ఈ బాధ నన్ను వదలదు. ఆఖరి చూపుకి రాయగడ వెళ్తే వాళ్లమ్మాయి ఆవిడ సంచి నా చేతిలో పెట్టింది. మా రోగుల చీటీల మధ్య బీపీ మాత్రల షీట్లు మూడున్నాయి. ఒక్క మాత్ర కూడా తీసి లేదు.

నిన్న లక్ష్మీపూర్ అబ్బాయి వచ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఖాళీ షీటు ఆవిడ బల్ల మీద పెట్టి, "సిస్టరమ్మ ఇంకా రాలేదేటి?" అని, ఆ కుర్చీ ఎదురుగా నిలబడ్డాడు.