ఖాట్మండులో కుందుర్పి పిల్ల

కుందుర్పి దగ్గర ఓ పల్లెలో గొర్రెలు మేపుకునే ఓబిలేష్ కూతురు జయంతి. పొడుగ్గా ఉందని బడిలో వ్యాయామం సారు ఆమెను గోల్‌కీపర్‌గా నిలబెట్టాడు. గులకరాళ్ల నేల మీద మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోయినా బంతిని మాత్రం వదిలేది కాదు. నిక్కరు వేసుకుని ఊరందరి ముందు ఆడుతోందని తల్లి ఆంజినమ్మ చాన్నాళ్లు మాట్లాడటం మానేసింది.

"ఆడనీలేవే. గొర్ల ఎనక తిరిగి మనం బాగుపడిందేముండాది?" అనేవాడు ఓబిలేష్.

అనంతపురం హాస్టల్లో చేరి, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు దాటుకుని, పద్దెనిమిదో ఏట జయంతి భారత బాలికల జట్టుతో ఖాట్మండు వెళ్లింది. దక్షిణాసియా దేశాల టోర్నీ అది. ఫైనల్లో ఎదురుపడింది నేపాల్.

అక్కడ ఆమెకు ఓ సంగతి అర్థం కాలేదు. రెండు దేశాలకూ దేవుళ్లు ఒకరే. సరిహద్దుకు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకుంటారు. రాకపోకలకు పాస్‌పోర్టు కూడా అడగరు. అయినా భారత్ ఎవరితో ఆడినా స్టేడియమంతా అవతలి జట్టు వైపే కేకలు వేసింది.

ఫైనల్‌కు ముందు రోజు భోజనాల హాల్లో జయంతి ఫోన్లో నాయనతో మాట్లాడుతోంది. "ఈడ చలి శానా ఉండాది నాయనా. దుడ్లు పంపొద్దులే, అన్నీ వాళ్లే చూసుకుంటాండారు."

ఫోన్ పెట్టేయగానే పక్క బల్ల దగ్గరి నుంచి ఓ అమ్మాయి అడిగింది. "నిమ్మూరు యావుదు?"

మీ ఊరేదని ఖాట్మండులో కన్నడంలో అడగడమా! జయంతి ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి షర్మిల, నేపాల్ జట్టులో గోల్స్ కొట్టే పిల్ల. బెంగళూరులో పెరిగిందట. డబ్బులను 'దుడ్లు' అనడం చెవినపడి కన్నడ పిల్లే అనుకుంది. కర్ణాటక పక్కనే పుట్టిన జయంతికి కన్నడం ఇంటి భాషలాంటిదే. మాటలు కలిశాయి.

జయంతి సూటిగా అడిగేసింది. "మేమంటే మీ వాళ్లకు ఎందుకంత పంతం?"

షర్మిల కుర్చీ ఆమె వైపు జరుపుకుంది. "మా నాన్న బెంగళూరులో ఓ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. పేరు దిల్‌ప్రసాద్. ఏళ్ల తరబడి ఆ గేటు కాశాడు. ఒక్కరూ ఆ పేరుతో పిలవలేదు, అందరికీ బహదూరే. మా ఊళ్లో ఇంటికొకరు అట్లా వెళ్లినవాళ్లే. మీ సినిమాలు చూస్తాం, మీ పాటలు పాడతాం. మీరేమో మమ్మల్ని చేతి కింద తమ్ముడిలా చూస్తారు. మైదానంలో మాత్రం అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. అందుకే ఎవరి చేతిలో ఓడినా ఓర్చుకుంటాం. మీ చేతిలో ఓడితే మా వాళ్లకు ముద్ద దిగదు."

జయంతికి నాయన గుర్తొచ్చాడు. ఎండాకాలం మేత కోసం కాలవ నీళ్లు పారే సీమలకు మంద తోలుకుపోతే, అక్కడి రైతులు ఆయన్ను "ఓయ్ గొర్లోడా" అనే పిలిచేవాళ్లు.

"మా నాయన పేరు ఓబిలేష్," అంది. "ఆయన్నూ పరాయి ఊళ్లో ఎవరూ పేరుతో పిలవరు."

షర్మిల ఆమె వైపు చూసి నవ్వింది. "అయితే రేపు గట్టిగా ఆడు."

"నువ్వూ అంతే."

మర్నాడు స్టేడియం కిక్కిరిసింది. రెండో సగంలో భారత్ ఒక గోల్ కొట్టి ముందుకెళ్లింది. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మన డిఫెండర్ గోల్ ముందే నేపాల్ అమ్మాయికి కాలు అడ్డం పెట్టింది. నేపాల్‌కు పెనాల్టీ. బంతి పెట్టింది షర్మిలే.

జయంతి తొందరపడలేదు. షర్మిల కాలు బంతిని తాకేదాకా కదల్లేదు. తాకగానే ఎడమవైపు దూకింది. వేళ్ల కొసలకు తగిలిన బంతి గోల్ స్తంభానికి కొట్టుకుని వెనక్కి వచ్చింది. షర్మిల మళ్లీ తన్నడానికి దూసుకొచ్చింది. అంతలోనే జయంతి బంతి మీద పడి గుండెలకు అదుముకుంది. ఎంత తోపులాట జరిగినా చేతులు విప్పలేదు.

ఆట ముగిసింది. జట్టంతా జయంతిని పైకెత్తింది. కిందికి దిగాక ఆమె షర్మిల దగ్గరికి వెళ్లింది.

"వచ్చే ఏడు టోర్నీ మీ దేశంలోనేగా, అక్కడ చూసుకుంటా," అంది షర్మిల కళ్లు తుడుచుకుంటూ.

"రా. ఆడ కూడా గోల్‌లో నేనే ఉంటా," అంది జయంతి. ఇద్దరూ వాటేసుకున్నారు.

జయంతి కుందుర్పిలో బస్సు దిగేసరికి స్వాగతంగా ఉరుము వాయిద్యాలు మోగుతున్నాయి. ఆ డప్పుల చప్పుడుకు వీధులన్నీ కదిలాయి. ఊరి పెద్ద కుళ్లాయప్ప ఎదురొచ్చి, "నేపాలోళ్లను బలే ఓడిస్తివి పాపా!" అన్నాడు.

"గెలిచినాం తాతా. వాళ్లూ బో గట్టోళ్లు. గెలిచేకి మా ప్రాణం పోయినంత పనైంది," అని జయంతి మెడలోని పతకం తీసి, ఎదురొచ్చిన తల్లికి వేసింది.

ఆంజినమ్మ దాన్ని పైటచాటుకు పోనీయకుండా సర్దుకుంది. తలెత్తుకుని ఉరుముల ముందు నడిచింది.