పళ్ళతో పసిగట్టే మేస్త్రీ

అది 2008. మల్కాపురంలో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డుకు యజమాని శ్రీనివాసరావు బ్లాగు పెట్టించాడు. వారానికొకటి రాసే పని గుమాస్తా జయంత్ నెత్తిన పడింది. మూడు వారాలైనా ‘నాణ్యతే మా ధ్యేయం’ అన్న ముక్క దాటి అతని చెయ్యి కదల్లేదు.

రాయడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆ పొద్దున మేస్త్రీ పైడయ్యను పలకరించాడు. జవాబు లేదు. రెండేళ్ళుగా ఇదే పొగరు.

పైడయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్‌కు ఆనించి, పిడిని పళ్ళతో కరిచి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి “మూడో బేరింగు పోయింది” అన్నాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే.

నోరెళ్ళబెట్టిన జయంత్‌ను, కేరేజీ తెచ్చిన పైడయ్య భార్య పోతమ్మ వింతగా చూసింది.

“మా ఆయనకి సెవులినపడవు కద బాబూ. ఓడల ఇంజన్ల కాడ పన్జేసి పన్నెండేళ్ళ కిందటే పోయాయి. ఇంజన్ అదురు పళ్ళకి తెలిసిపోతాది. నీకు తెల్దేటి?”

 జయంత్ వెళ్ళి కంప్యూటర్లో ఆ ధ్యేయం ముక్క చెరిపేశాడు. సాయంత్రానికి రెండు పేజీలు నిండాయి. మొదటి వాక్యం ఇది: “రెండేళ్ళుగా ఈ మనిషిని నేను పొగరుబోతు అనుకున్నాను.”