రేడియో కుస్తీ, మా ఆయన, నేను

కుక్కర్ మూత చేతిలోంచి జారి వంటింటి బండల మీద పడింది. మూతనూ, నా సబ్బు చేతులనూ, ఆ పూట నా జాతకాన్నీ కలిపి తిట్టుకుంటూ వంగాను. అంతలో హాల్లోంచి వినపడింది.

“పడ్డడు! మోండా పహిల్వాన్ పడ్డడు! నల్లముసుగోడు మీదికెక్కి కూసున్నడు!”

వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ఆ గొంతు మా ఆయనది. పక్షవాతం వచ్చి మాట పోయాక ఆయన నోట ఒక పూర్తి వాక్యం రావడం అదే మొదలు. కాలూ చెయ్యీ త్వరగానే దారికొచ్చాయి గానీ మాట మాత్రం మొండికేసింది. మంచినీళ్ళు కావాలంటే ‘మ... మ...’ అని గ్లాసు వైపు వేలు చూపించే మనిషి, ఎక్కడా తడబడకుండా అంత మాట అనేశారు.

హాల్లోకి పరిగెత్తాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆ మాట అన్నది తనేనా అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు.

“ఏమన్నారు? మళ్ళీ అనండి.”

“మో... మో...” అని ఆగిపోయారు. ముఖం ఎర్రబడింది. కుర్చీ చేతిని గట్టిగా కొట్టారు.

నేను వెనక్కి వెళ్ళి, మూత తీసి, ఈసారి కావాలనే కింద పడేశాను.

“లేచిండు! తాడు వట్టుకోని లేచిండు!”

అక్కడే వంటింట్లో చతికిలబడి ఏడ్చాను. తేలిగ్గా ఏడ్చే మనిషిని కాను నేను. ఏడిపించే మనిషినని మా అమ్మాయి అంటుంది.

ఈ మోండా పహిల్వాన్ ఎవరో చెప్పాలి. అలాంటివాడు ఎవడూ లేడు. మా చిన్నతనంలో ఈ ఊళ్ళో టికెట్టు పెట్టి ఫ్రీస్టైల్ కుస్తీలు ఆడించేవారు. ముసుగులు తొడుక్కున్నవాళ్ళు, ఏదో విదేశం నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్ళు రింగులో ఒకరినొకరు ఎత్తి పారేసుకునేవారు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారని అందరికీ తెలుసు. అయినా జనం విరగబడి వెళ్ళేవారు. అది చూసి మా రేడియో స్టేషన్లో కార్మికుల కార్యక్రమం చేసే పెద్దాయనకు ఒక ఆలోచన వచ్చింది. రేడియోలోనే కుస్తీ పెడితే పోలా? వస్తాదులు అక్కర్లేదు. కామెంటరీ చెప్పేవాడొకడు, చప్పుళ్ళు చేసేవాళ్ళొకరు ఉంటే చాలు. మోండా పహిల్వానూ, నల్లముసుగువాడూ అలా పుట్టినవాళ్ళే.

కామెంటరీకి కుదిరింది మా ఆయన. అప్పటికి మా ఆయన కాదులెండి, సికింద్రాబాద్‌లోనే పుట్టి, మార్కెట్ భాషను నాలుక చివర పెట్టుకు తిరిగే కుర్రవాడు. నేను నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేసేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా ఇంటి గొంతు కాస్త పెద్దది కాబట్టి పెళ్ళి కాకముందే అత్తగారి పాత్రలన్నీ నాకే వచ్చేవి. నన్ను చప్పుళ్ళ మీద కూర్చోబెట్టారు. ఊక నింపిన గోనెసంచిని చాప మీద పడేస్తే మనిషి పడినట్టు. తడి తువ్వాలుతో బల్ల మీద కొడితే చెంపదెబ్బ. మూలుగులు నా సొంతం.

మా పని తీరు ఎలా ఉండేదంటే, కాగితం మీద గెలిచేవాడు ఎవరో మాత్రమే ఉండేది. మధ్యలో జరిగేదంతా నా ఇష్టం. నేను పడేస్తాను, పడిందేమిటో ఆయన చెప్పాలి. ఏ చప్పుడునూ గాల్లో వదిలెయ్యకూడదు, ఎందుకంటే వినేవాళ్ళకు మా గది కనపడదు. ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవారు. కళ్ళు తెరిస్తే గోనెసంచి కనపడుతుంది, పహిల్వాన్ కనపడడు అనేవారు. ఒకసారి నా మోచెయ్యి తగిలి స్టీలు గ్లాసు దొర్లింది. ఈయన రెప్ప కూడా ఎత్తకుండా, రింగులోకి ఎవడో గ్లాసు విసిరాడనీ, పోలీసాయన లాఠీ పట్టుకుని అటే పోతున్నాడనీ చెప్పేశారు. ఈ మనిషి నా ఏ తప్పునైనా కథలో కలుపుకుంటాడని ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది. రెండు ఇళ్ళవాళ్ళూ నసిగి నసిగి పెళ్ళి చేశారు.

ఇక సికింద్రాబాద్ మోండా మార్కెట్ వాళ్ళయితే తమ పహిల్వాన్‌కు ఇమ్మని బాదంపప్పూ నెయ్యీ తెచ్చి స్టేషన్ గేటు దగ్గర ఇచ్చేవారు. అలాంటివాడు లేడని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. నెయ్యి బాగుండేది.

కుక్కర్ మూత పడిన రోజు నుంచి పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం కుస్తీ షురూ అయింది. పాత గోనెసంచిలో దిండ్లు కుక్కి నేను పడేసేదాన్ని, ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవారు. కింది వాటావాళ్ళు రెండుసార్లు పైకి వచ్చి అంతా బాగేనా అని అడిగి వెళ్ళారు. మాట నేర్పించడానికి వచ్చే అమ్మాయి ఇది విని సంతోషించింది గానీ, “ఇది పాత అలవాటు కొద్దీ వస్తున్న మాట ఆంటీ. మామూలు మాట వచ్చేసిందనుకోకండి” అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ పిల్ల చెప్పింది నిజమే. కుస్తీ అయిపోయాక ఆయన టీ కూడా అడగలేకపోయేవారు.

ఆ టీ దగ్గరే అసలు దెబ్బ తగిలింది. ఆయన రోజూ వెళ్ళే ఇరానీ హోటల్‌లో ఒక సాయంత్రం ‘చా...’ దగ్గర మాట ఇరుక్కుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పాత స్నేహితులే. సాయం చేద్దామని తలా ఒక మాట అందించారు. “చాయా? చార్ బిస్కెట్టా? చాలంటున్నవా?” ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. వాళ్ళ మనసులో చెడు లేదు. కానీ ఈయన లేచి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు, ఆ తర్వాత బయటివాళ్ళ ముందు పెదవి విప్పలేదు. ఎవరైనా పలకరిస్తే తల ఊపి గదిలోకి వెళ్ళిపోయేవారు.

ఇలా ఉండగా మారేడ్‌పల్లి నుంచి పిలుపు వచ్చింది. పాత రేడియో కార్యక్రమాలంటే ఇష్టమున్నవాళ్ళు కొందరు అక్కడ ఒక హాలు తీసుకుని, వాటిని మళ్ళీ ఆడించి, ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు వినిపిస్తారట. మా కుస్తీ కావాలన్నారు. నేను కుదరదన్నాను. ఫోను పెట్టేసి తిరిగితే ఆయన వెనకాలే నిలబడి ఉన్నారు.

“వద్దండీ. ఇంట్లో వేరు, జనం ముందు వేరు.”

ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక్కో మాటను రాయి లాగినట్టు లాగి చెప్పారు. “గిది... ఒక్కటి. గిది పోతే... ఇగ... బంద్.”

బంద్ అన్నది కార్యక్రమం గురించి కాదని నాకు తెలుసు. చెయ్యి తన నోటి మీద పెట్టుకుని మరీ అన్నారు. అక్కడ కూడా మాట ఇరుక్కుంటే ఇక ఎవరితోనూ మాట్లాడే ప్రయత్నం చెయ్యరు, నాతో కూడా. మొండితనంలో నన్ను మించిన మనిషి. తిట్టాను, బతిమాలాను, చివరికి చప్పుళ్ళు నేనే చేస్తానన్న షరతు మీద ఒప్పుకున్నాను.

ఆదివారం సాయంత్రం గోనెసంచి చంకలో పెట్టుకుని హాలు చేరాం. నిర్వాహకుడు నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. మర్యాదతోనే కొంప ముంచాడు.

“అమ్మా, మీరు ముందు వరసల కూసోండి. సౌండ్లన్నీ లాప్‌టాప్‌ల రెడీ ఉన్నయ్. ఈ వయసుల మీకెందుకు తక్లీఫ్?”

“బాబూ, ఆయన కాగితం చూసి చదవలేరు. నేను పడేస్తేనే ఆయనకు మాట వస్తుంది.”

“అరే, సార్ కోసం పెద్ద అక్షరాల్ల ప్రింట్ తీయించినం. జెర సమజ్ చేస్కోండమ్మా, లైవ్ పోతుంది. టైమింగ్ పక్కాగ ఉండాలె.”

నా సంచిని వరండాలో చెప్పుల పక్కన పెట్టించాడు. నేను గొంతు పెంచబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, జనం ముందు వద్దన్నట్టు. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది తరచుగా జరిగే పని కాదు.

గంట మోగింది. స్పీకర్లలోంచి జనం కేకలు వచ్చాయి. ఆయన వేదిక మీద మైకు ముందు కుర్చీలో కూర్చుని కాగితం వైపు చూస్తున్నారు. ధబ్‌మని మొదటి చప్పుడు వచ్చింది. నోరు తెరిచారు.

“మో...”

రెండో చప్పుడు వచ్చి పడింది. లాప్‌టాప్ ఎవరి కోసమూ ఆగదు. ఆయన మొదటిదానికి వెతుక్కుంటుండగానే చెంపదెబ్బ, తాళ్ళ చప్పుడు, మళ్ళీ ధబ్. ఏ ఒక్కదానికీ జవాబు లేదు. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఉత్సాహపరుద్దామని చప్పట్లు కొట్టారు, అది ఇంకా ఘోరం. నా పక్కనావిడ “పాపం” అంది. ఆ ఒక్క మాటకు ఆవిడ చీర కుచ్చిళ్ళు లాగి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది.

ఆయన కాగితం వదిలేసి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తర్వాత కుడిచెయ్యి కుర్చీ చేతి మీద మోపారు, లేవడానికి. ఇరానీ హోటల్‌లోనూ ఇలాగే లేచి ఉంటారు. ఇప్పుడు లేస్తే ఇంటికి నా వెంట వచ్చేది మూగమనిషే.

లేచి వేదిక వైపు నడిచాను. ఏం చేద్దామని వెళ్ళానో నాకు తెలియదు. మెట్లెక్కానో లేదో మైకు వైరు కాలికి చుట్టుకుంది. నిలువునా పడ్డాను, చెక్క వేదిక మీద, ఆయన మైకుకు ఎదురుగా. ఎడమ మణికట్టు నా కిందే పడింది. అంత మంచి చప్పుడు మా గోనెసంచి ఏనాడూ చెయ్యలేదు.

“పడ్డడు!” అన్నారు ఆయన, కళ్ళు మూసుకునే. “మోండా పహిల్వాన్ పడ్డడు! అబ్బబ్బ, ఏం పడుడు! రింగంత అదిరింది!”

జనం సగం లేచారు. నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు. మంచి చెయ్యి పైకెత్తి ఆగమన్నాను. లాప్‌టాప్ దగ్గరున్నతను కూడా భయపడి అన్నీ ఆపేశాడు. హాల్లో ఆయన గొంతు తప్ప ఏమీ లేదు.

“కదుల్తలేడు. చెయ్యి కిందవడ్డది, నొప్పి తీస్తున్నట్టుంది. నల్లముసుగోడు చుట్టూ తిరుగుతుండు...”

నొప్పి మోచెయ్యి దాకా పాకింది. గొంతులో కేక సిద్ధంగా ఉంది. అరిస్తే ఆయన కళ్ళు తెరుస్తారు, ఆ మాటల వరద ఆగిపోతుంది. పెదవి కొరికి పట్టి, మంచి అరచేత్తో చెక్కను కొట్టాను.

“నేలను కొడుతుండు! ఓడలే, నేనింక ఓడలే అంటుండు!”

మళ్ళీ కొట్టాను, ఆయన మళ్ళీ చెప్పారు. మడమతో తన్నితే నల్లముసుగువాడు తాళ్ళ మీద పడ్డాడు. జనం మెల్లగా కూర్చున్నారు, తర్వాత కుర్చీల అంచుకు జరిగారు. పాత రోజుల్లో రేడియో ముందు కూర్చున్నట్టు హాలంతా చెవులు రిక్కించి వింటోంది. రెఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“ఒకటి... రెండు...”

ఇక్కడ పహిల్వాన్ లేచే చప్పుడు నేనివ్వాలి. లేవబోయాను. మణికట్టులో ఏదో కలుక్కుమంది. “అమ్మా!” అన్నాను. అది ఏ వస్తాదు మూలుగూ కాదు, నా గొంతే.

ఆయన కళ్ళు తెరిచారు.

ఇంకొక్క మాట అంటే కుస్తీ అయిపోతుంది. ఆయన గెలిచినట్టే, నేను గెలిచినట్టే. కాగితం మీద ఎలాగూ పహిల్వానే గెలవాలి. కానీ ఆయన కుర్చీలోంచి దిగి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మైకు మా తలల మీదే ఉంది, వింటూనే ఉంది.

“చె...”

ఇరుక్కుంది. వందలమంది చూస్తున్నారు, ఇంకెంతమంది ఇళ్ళల్లో వింటున్నారో.

“ముందు అది ముగించండి. లేచి గెలిచిండనండి, చాలు” అని గుసగుసగా అన్నాను.

తల అడ్డంగా ఊపారు. “చె... చె...” మెడనరాలు పొంగాయి. మాట నా నోటిదాకా వచ్చింది. అందించాలని ప్రాణం కొట్టుకుంది. అందించలేదు. హాల్లో కూడా ఎవరూ అందించలేదు.

“చె... చెయ్యి... నొ... నొచ్చిందా?”

“నొచ్చిందండీ, చాలా నొచ్చింది” అని అంతమంది ముందు బావురుమన్నాను. ఆయన నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ, అందరూ వింటుండగానే అక్కడే కూర్చున్నారు.